తుప్పు పోవాలి, షాఫ్ట్ మిగలాలి

ప్రశ్న: రొయ్యల చెరువుల ఏరేటర్లు బాగుచేసే షాపు నాది. తుప్పుపట్టిన షాఫ్టులు, బోల్టులు యాసిడ్‌లో వేస్తే తుప్పుతో పాటు ఇనుమూ అరిగిపోతోంది. ‘ఇన్‌హిబిటర్ కలుపు, రాత్రంతా వదిలేసినా ఏం కాదు’ అంటున్నారు. నిజమేనా? మా నాన్నేమో చింతపండు చాలంటాడు.
- ఒక పాఠకుడు, కావలి

జవాబు: రాత్రంతా మాత్రం వదలొద్దండీ. ఇన్‌హిబిటర్ కలిపితే ఇనుము కరగడం బాగా తగ్గుతుంది గానీ పూర్తిగా ఆగదు.

హైడ్రోక్లోరిక్ యాసిడ్ ముందు తుప్పుని కరిగిస్తుంది, తుప్పు వదిలిన చోటల్లా ఉత్త ఇనుము బయటపడుతుంది కదా, ఇక దాన్నీ పట్టుకుంటుంది, బుసబుసమని బుడగలు లేచేది అప్పుడే. అది హైడ్రోజన్, కాబట్టి తొట్టి పక్కన వెల్డింగూ బీడీలూ వద్దు. హెక్సమైన్, థయోయూరియా లాంటి ఇన్‌హిబిటర్లు ఆ బయటపడ్డ ఇనుముకి సన్నటి పొరలా అంటుకుని యాసిడ్‌కి అడ్డం పడతాయి, తుప్పు మాత్రం కరుగుతూనే ఉంటుంది. పని చేస్తోందో లేదో తెలియాలంటే తుప్పులేని ఇనప మేకు ఒకటి వేసి చూడండి, ఒకటీ అరా బుడగలే వస్తే బాగున్నట్టు. డబ్బా మీద రాసినంతే వేయండి, పొర కప్పుకున్నాక ఇంకా పోస్తే డబ్బు దండగ. త్వరగా తెమలాలని యాసిడ్‌ని వేడిచేసేవాళ్లున్నారు, ఆ వేడికి చాలా రకాల ఇన్‌హిబిటర్ పట్టు వదిలేస్తుంది, పైగా ఆ ఆవిరికి మీ గొంతు మండడమే కాదు, గోడకి తగిలించిన పానాలు కూడా తుప్పుపడతాయి.

స్టెయిన్‌లెస్ షాఫ్టుల్ని ఈ తొట్టిలో అసలు వేయొద్దు, గుంటలు పడతాయి. నాన్నగారి చింతపండు పైపై తుప్పుకి పనికొస్తుంది, ఉప్పునీళ్లలో నాని పెచ్చులు కట్టిన దానికి చాలదు.

తుప్పు పోగానే తీసి, నీళ్లతో కడిగి, చాకలి సోడా నీళ్లలో ముంచి, వెంటనే ఆరబెట్టి ఆయిలో ప్రైమరో పట్టించండి. టీకి వెళ్లొచ్చి చేద్దామంటే మన సముద్రపు గాలికి ఈలోపే ఎర్రబడుతుంది.

ఇంకోటి, స్ప్రింగ్ వాషర్ల లాంటి గట్టి స్టీలుని యాసిడ్‌లో వేయొద్దు. హైడ్రోజన్ లోపలికి దూరి పెళుసెక్కి, బిగించాక పుటుక్కున విరుగుతాయి. ఇన్‌హిబిటర్ ఉంది కదా అనుకోకండి, బుడగల్ని తగ్గించినా లోపలికి దూరే హైడ్రోజన్‌ని తగ్గించని రకాలున్నాయి. వాషర్లు కొత్తవే కొనండి.