మా అబ్బాయి రగ్బీ లీగ్‌కి ఎంపికయ్యాడు, ఇల్లు కొనమంటారా?

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. ఇరవై రెండేళ్లుగా సిడ్నీలో, వెంట్‌వర్త్‌విల్‌లో ఉంటున్నాం. మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు, ఇప్పుడు 20 ఏళ్లు. 21 ఏళ్లలోపు వాళ్ల పోటీ జెర్సీ ఫ్లెగ్‌లో బాగా ఆడుతున్నాడని ఒక ఎన్‌ఆర్‌ఎల్ (ఇక్కడి అగ్రశ్రేణి రగ్బీ లీగ్ పోటీ) క్లబ్ రెండేళ్ల కాంట్రాక్ట్ ఇస్తానంది. 2026 సీజన్‌కి డెవలప్‌మెంట్ ఆటగాడిగా 90 వేల డాలర్లు, 2027లో టాప్ 30 జట్టులోకి తీసుకుని లక్షా యాభై వేలు. వాడు కామర్స్ రెండో ఏడు చదువుతున్నాడు, మానేస్తానంటున్నాడు. మావారు వాడి పేరు మీద లోన్ తీసుకుని ఇల్లు కొందామని, మిగిలితే ఊళ్లో రెండెకరాలు తీసుకుందామని అంటున్నారు. నాకు సంతోషం కంటే టెన్షనే ఎక్కువగా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా మీ అబ్బాయికి నా అభినందనలమ్మా. పశ్చిమ సిడ్నీలో ఈ ఆట ఆడే పిల్లలు వేలల్లో ఉంటారు. 2026 సీజన్‌లో 17 క్లబ్బులు, ఒక్కో క్లబ్బులో 30 మంది టాప్ జట్టు. ఆ గుమ్మం దాకా వెళ్లడమే పెద్ద విషయం. మీ టెన్షన్‌లోనూ అర్థం ఉంది.

ఈ డబ్బుని జీతం అనుకోకండి. ఒంగోలు పక్క మనిషికి మెట్ట సేద్యం గురించి నేను చెప్పేదేముంది! వాన పడిన ఏడు గింజలు గాదెకెక్కుతాయి, ఆ గింజలతోనే వాన లేని ఏళ్లు గడవాలి. మీ మామగారి తరం ఆ లెక్క వేసుకునే బతికింది. మీవారేమో దీన్ని కాలువ కింద మాగాణిలాగా చూస్తున్నారు, ఏటా పండుతుందని.

కాంట్రాక్ట్ రెండేళ్లని రాసి ఉంది కానీ, నా దృష్టిలో అది ఒక సీజన్ పరీక్ష. ఎన్‌ఆర్‌ఎల్ కాంట్రాక్టులు అక్టోబరు 31తో ముగుస్తాయి. 2027లో కాంట్రాక్ట్ ముగిసే ఆటగాడితో మిగతా క్లబ్బులు 2026 నవంబరు 1 నుంచే మాట్లాడుకోవచ్చు. అంటే మొదటి సీజన్ అయిన మర్నెలలోనే, మీవాడికి తర్వాత బేరం ఉంటుందా లేదా అన్నది తేలడం మొదలవుతుంది. ఆ సీజన్‌లో మోకాలి లిగమెంట్ తెగి తొమ్మిది నెలలు కూర్చుంటే, టాప్ 30 జీతం అందుకుంటూనే భవిష్యత్తు లేనట్టు అవుతుంది.

ఎనభై నిమిషాల ఆటలో పట్టుకోవడం, పడేయడం, మళ్లీ లేవడం, ఇదే పని. సిడ్నీ రూస్టర్స్ కెప్టెన్ బాయిడ్ కార్డ్‌నర్ న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర జట్టుకి కూడా కెప్టెన్‌గా ఉండేవాడు. తలదెబ్బల కారణంగా 2021 జూన్‌లో ఆట వదిలేశాడు, అప్పటికి వయసు 29. ఆ ఏడే అదే జట్టులో జేక్ ఫ్రెండ్ కూడా అదే కారణంతో 31 ఏళ్లకి ఆపేశాడు. 2023 నుంచి తలదెబ్బ తేలిన ఆటగాడికి 11 రోజుల తప్పనిసరి విశ్రాంతి పెట్టారు, అది మంచి పని. కామెరన్ స్మిత్ 37 ఏళ్లదాకా 430 మ్యాచ్‌లు ఆడాడు కదా అని మీ అబ్బాయి అనవచ్చు. స్మిత్ ఒక్కడే. ఇంటి లెక్క అతన్ని చూసి వేయకూడదు.

ఇప్పుడు అంకెలు. లక్షా యాభై వేలలో పన్ను, మెడికేర్ (ప్రభుత్వ వైద్య పథకం) సుంకం కలిపి సుమారు 40 వేలు పోతే చేతికి లక్షా పది వేలు వస్తుంది. 90 వేలలో అలాగే సుమారు 70 వేలు. మీ ఇంట్లోనే ఉంటాడు, మీ చేతి అన్నమే తింటాడు కాబట్టి వారానికి 800 డాలర్లు తన ఖర్చుకి ఇవ్వండి, అది కుర్రాడికి తక్కువేమీ కాదు. ఏడాదికి 41,600. మొదటి సీజన్‌లో 28 వేల పైన, రెండో సీజన్‌లో 68 వేలు మిగులుతాయి. రెండేళ్లకి 95 వేల పైచిలుకు. ఇందులో మొదటి 60 వేలు ఎవరూ ముట్టుకోకుండా వడ్డీ వచ్చే సేవింగ్స్ ఖాతాలో వేయండి. కాంట్రాక్ట్ రాకపోతే ఏడాదిన్నర ఊపిరి పీల్చుకోవడానికి అవే. మిగిలినదే పెట్టుబడి.

పన్ను విషయంలో మీకు ఎవరూ చెప్పి ఉండని సంగతి ఒకటుంది. రచయితలు, నటులు, క్రీడాకారుల వంటివాళ్ల ఆదాయం ఒక ఏడు ఎగిరి, ఒక ఏడు పడుతుందని ఆస్ట్రేలియా పన్ను శాఖ వాళ్లకి సగటు పద్ధతి ఇచ్చింది. సగటుని మించి వచ్చిన మొత్తంలో అయిదో వంతు మీద పన్ను లెక్కగట్టి, దాన్ని అయిదు రెట్లు చేస్తారు. దానివల్ల పై శ్లాబుల్లోకి ఎక్కాల్సిన డబ్బు కింద శ్లాబుల్లోనే ఆగుతుంది. మొదటి ఏడు సగటు సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి లాభం బాగా కనిపిస్తుంది. అయితే ఆట మీద పన్నుకు లోబడే ఆదాయం 2,500 డాలర్లు దాటిన ఏడే మొదటి ఏడు. ఫ్లెగ్‌లో ఉన్నప్పుడు మీవాడికి అంతకంటే ఎక్కువ ముట్టి ఉంటే లెక్క అప్పుడే మొదలైపోయింది. పాత పేస్లిప్పులన్నీ వెతికి, క్రీడాకారుల రిటర్నులు చేసిన అకౌంటెంట్‌కి చూపించండి. మామూలు అకౌంటెంట్లు చాలామంది దీన్ని పట్టించుకోరు. క్లబ్ ప్రతి పేలోనూ మామూలు రేటునే పన్ను కోస్తుంది కాబట్టి లాభమంతా రిటర్న్ వేశాక ఒకేసారి రిఫండ్‌గా వస్తుంది. ఆ రిఫండ్‌ని కారు కింద మార్చిన కుర్రాళ్లని నేను చూశాను. దయచేసి దాన్ని పైన చెప్పిన 60 వేలలో కలపండి.

సూపర్ (రిటైర్‌మెంట్ కోసం దాచే సూపర్‌యాన్యుయేషన్ నిధి) సంగతి. క్లబ్ 12 శాతం కట్టాలి. కానీ అది అరవై ఏళ్లు వచ్చేదాకా తాళం వేసిన పెట్టె. ముప్పైకి ఆట ఆగితే ముప్పై ఏళ్లు దాని ముఖం చూడడానికి లేదు. అందుకని ‘ఎంత వీలైతే అంత సూపర్‌లో వేయి’ అనే మామూలు సలహా మీవాడికి ఇవ్వను. ఒక్క దారి మాత్రం మంచిది. మొదటి ఇల్లు కొనేవాళ్ల కోసం ఉన్న ఫస్ట్ హోమ్ సూపర్ సేవర్ పథకంలో ఏడాదికి 15 వేలు, మొత్తం 50 వేలదాకా సొంతంగా సూపర్‌లో వేసి, ఇల్లు కొనేటప్పుడు తీసుకోవచ్చు. పన్ను ముందు డబ్బు వేస్తే అక్కడ పడేది 15 శాతమే. 2025-26కి ఇలా వేసే డబ్బుకి మొత్తం పరిమితి 30 వేలు, క్లబ్ కట్టేది కూడా అందులోకే వస్తుంది. అది చూసుకుని వేయండి.

ఇల్లు ఇప్పుడే వద్దు. బ్యాంకు లోన్ ముప్పై ఏళ్లు, మీవాడి కాంట్రాక్ట్ రెండేళ్లు. ఈ రెండిటినీ ముడివేయకండి. కొనే రోజు వస్తే ఒక పరీక్ష పెట్టుకోండి: ఆట లేకుండా, డిగ్రీతో వచ్చే మామూలు ఉద్యోగం జీతంతో ఆ కంతులు కట్టగలడా? కట్టగలిగిన ఇల్లే కొనండి. మీ ఇంటిని హామీ పెట్టి అతనికి లోన్ ఇప్పించే ఆలోచన ఉంటే మాత్రం ఒప్పుకోను. ఒక్క మోకాలు విరిగితే రెండిళ్లు కదులుతాయి.

ఊళ్లో రెండెకరాల మాట. మీ అబ్బాయి ఆస్ట్రేలియా పౌరుడు, ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇచ్చే కార్డు) ఉన్నా సరే భారతదేశంలో వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు. ఇంటి స్థలం, ఫ్లాట్ కొనవచ్చు, పొలం కుదరదు. బంధువుల పేరు మీద కొని పెట్టుకుందామనే మాట ఎవరైనా తెస్తే ఆ కాగితం మీద సంతకం పెట్టవద్దని మీవారికి గట్టిగా చెప్పండి. తాతల ఆస్తి వారసత్వంగా వస్తే అది వేరే విషయం.

నాకు అన్నిటికంటే దిగులు కలిగించేది బీమా. న్యూ సౌత్ వేల్స్‌లో వర్కర్స్ కాంపెన్సేషన్ (పనిలో దెబ్బ తగిలితే వచ్చే పరిహారం) మామూలు ఉద్యోగికి ఉన్నట్టు, ఆడుతూ దెబ్బ తగిలిన ప్రొఫెషనల్ ఆటగాడికి వర్తించదు. ఆదాయ రక్షణ పాలసీలు కూడా చాలా కంపెనీలు వీళ్లకి ఇవ్వవు. 25 ఏళ్లలోపు వాళ్లకి సూపర్‌లో బీమా సాధారణంగా అడిగితేనే మొదలవుతుంది. కాబట్టి మీవాడు ఫండ్‌కి రాసి, మరణ, శాశ్వత వైకల్య కవర్ అడగాలి. వృత్తి ‘విద్యార్థి’ అని కాకుండా ‘రగ్బీ లీగ్ ఆటగాడు’ అని నిజం రాయాలి. మినహాయింపులు ఏమున్నాయో కాగితం మీద తెప్పించుకోవాలి. దాచి తీసుకున్న పాలసీ అవసరమైన రోజు అక్కరకు రాదు.

చదువు మానవద్దు. పూర్తి సమయం కుదరదు, నిజమే. ఏడాదికి రెండు సబ్జెక్టులు రాసినా చాలు, ముప్పై ఏళ్లు వచ్చేసరికి చేతిలో డిగ్రీ ఉంటుంది. 1895లో ఇంగ్లండ్ ఉత్తరాన గని కూలీలు, మిల్లు కూలీలు ఆట కోసం పోగొట్టుకున్న కూలికి పరిహారం ఇమ్మని అడగబట్టే, అక్కడి క్లబ్బులు విడిపోయి ఈ రగ్బీ లీగ్ పుట్టింది. వాళ్లందరికీ ఆట పక్కన ఒక పని ఉండేది. మీ అబ్బాయితో ఈ మాట చెప్పి చూడండి, వింటాడనే అనుకుంటాను.

డబ్బు అతని పేరు మీద, అతని ఖాతాలోనే ఉండనివ్వండి. మీరు, మీవారు చూడగలిగితే చాలు.

సంతకానికి ముందు ఏజెంటుని ఒక్క ప్రశ్న అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి: ఆ 90 వేలు, లక్షా యాభై వేలు సూపర్ కలిపా, సూపర్ కాకుండానా? లక్షా యాభై వేల దగ్గర ఆ తేడా 16 వేల డాలర్ల పైనే.