అప్పు తెచ్చి దాచుకుంటే అది అత్యవసర నిధి అవుతుందా?

ప్రశ్న: మాది విశాఖలో గాజువాక. వయసు 44, జీతం చేతికి 72 వేలు. పోయినేడు నాన్న 19 రోజులు ఐసీయూలో ఉండి పోయారు. 5 లక్షల పాలసీ అయిపోయాక ఇంకో 6 లక్షలు బంగారం తాకట్టు పెట్టి, కార్డు గీకి కట్టాం. కార్డు బాకీ ఇంకా 90 వేలుంది. ‘నాకు గొట్టాలు పెట్టకండ్రా’ అని నాన్న అనేవారు. అక్క ఒప్పుకోలేదు. ఇప్పుడు అమ్మకు 73, గుండె బలహీనంగా ఉంది. ఆమె పేరున 8 లక్షల ఎఫ్‌డీ ఉంది, నామినీ నేనే. బ్యాంకు 7 లక్షల ప్రీ-అప్రూవ్డ్ లోన్ ఇస్తానంటోంది. ముందే తీసి పక్కన పెట్టుకోనా?

జవాబు: వద్దు. ఆ మెసేజ్ ఇప్పుడే డిలీట్ చేయండి. 14 శాతానికి ఐదేళ్లకు తీసుకుంటే నెలకు 16 వేల పైచిలుకు ఈఎంఐ, మొత్తం వడ్డీ దాదాపు 2.77 లక్షలు. ఆ డబ్బు సేవింగ్స్‌లో పెడితే మూడు శాతం రావడమే గగనం. అమ్మ నిక్షేపంగా ఉన్నా మీకు కోతే. ఒక అప్పుతో చేతులు కాలాక కూడా ఇదేం ఆలోచనండీ?

మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది లోన్ కాదు, ‘నామినీ నేనే’ అన్న ధీమా. ఇది చాలా ఇళ్లలో ఉంది. నామినీకి డబ్బు అందేది ఖాతాదారు పోయాకే. మనిషి వెంటిలేటర్ మీద ఉంటే, బాండు పట్టుకుని కౌంటర్ ముందు నిలబడ్డా పైసా రాదు. సంతకం పెట్టాల్సిన చెయ్యికి సెలైన్ ఎక్కుతుంటుంది. పవర్ ఆఫ్ అటార్నీ కూడా, మనిషి తన నిర్ణయం తాను తీసుకోలేని స్థితికి వెళ్లాక, మన చట్టం ముందు నిలబడదు.

అందుకే ఈ నెలలోనే అమ్మతో బ్యాంకుకు వెళ్లండి. ఎఫ్‌డీ బద్దలుకొడితే వడ్డీ కొంచెం తగ్గుతుంది, తగ్గనివ్వండి. 3 లక్షలు మీ ఇద్దరి పేరా ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ (ఇద్దరిలో ఎవరైనా, ఒకరు పోతే మిగిలినవారు తీసుకోగల) సేవింగ్స్ ఖాతాలో వేయండి. మిగతా 5 లక్షలను లక్ష చొప్పున జాయింట్ ఎఫ్‌డీలు చేయండి. ఇక్కడో మెలిక ఉంది. ఎఫ్‌డీ మీద ఐదర్ ఆర్ సర్వైవర్ అని ఉన్నా, గడువుకు ముందు తీయాలంటే ఇద్దరి సంతకాలూ అడుగుతారు. ఒక్కరి సంతకంతో ఇవ్వొచ్చని ఇప్పుడే ఇద్దరూ రాసివ్వండి. ఈఎంఐ కట్టగలననుకున్న ఆ 16 వేలతో ముందు కార్డు, తర్వాత బంగారం తీర్చి, ఆపైన ఈ నిధికే మళ్లించండి.

70 దాటినవారికి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు చేయించండి. ఇంట్లో మంచం, ఆక్సిజన్, రాత్రి అటెండెంట్ ఖర్చు మాత్రం మీ జేబులోంచే.

ఇక అసలు మాట. నాన్న విషయంలో మీదీ తప్పు కాదు, అక్కదీ కాదు. ఆయన మాట నోటిమాటగానే మిగిలింది. కోలుకునే ఆశ లేనప్పుడు ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టే కాగితాన్ని లివింగ్ విల్ అంటారు. దాన్ని సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది, 2023లో పద్ధతి తేలిక చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలు, మేజిస్ట్రేటు దాకా వెళ్లక్కర్లేదు. తన తరఫున ఎవరు మాట్లాడాలో అమ్మే పేర్లు రాయాలి. జ్వరమొచ్చినా వైద్యం ఆపేస్తారని కాదు. కోలుకునే ఆశ లేదని రెండు వైద్య బోర్డులు తేల్చాకే అది అమల్లోకి వస్తుంది.

శుభమా అని ఈ మాటలేంటని అమ్మ కసురుకోవచ్చు. మా అమ్మా కసిరింది. సాయంత్రం కాఫీ గ్లాసు కడుగుతూ తనే అంది: ‘ఆసుపత్రిలో వద్దు, ఆ కిటికీ పక్క మంచం మీదే. నీకు ధైర్యం చాలదు, చెల్లిని అడిగి చెయ్యి.’ మీ అమ్మను అడిగేటప్పుడు అక్క కూడా ఎదురుగా ఉండాలి, కుదరకపోతే వీడియో కాల్‌లోనైనా. రాసిన కాగితం కాపీ ఒకటి అక్క దగ్గర, ఒకటి అమ్మను చూసే డాక్టరు ఫైల్లో ఉంచండి.

బ్యాంకుకు వెళ్లేటప్పుడు ఇద్దరి ఆధార్, పాన్, పాత ఎఫ్‌డీ బాండు పట్టుకెళ్లండి. లోన్ కౌంటర్ వైపు మాత్రం వెళ్లకండి.