సూపర్‌క్లాస్ కన్‌స్ట్రక్టర్ నడిచేటప్పుడు సబ్‌క్లాస్ ఫీల్డ్ 0గా ఎందుకు ఉంటుంది?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా: జావాలో ‘బిల్లు’ అనే క్లాస్ కన్‌స్ట్రక్టర్ (ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడు నడిచే కోడ్) ‘లెక్కించు’ మెథడ్‌ను పిలుస్తోంది. దాని సబ్‌క్లాస్ ‘పండుగబిల్లు’లో రాయితీ శాతం 10 అని ఫీల్డ్ ప్రకటించిన చోటే రాసి, ‘లెక్కించు’ను ఓవర్‌రైడ్ చేశారు, అంటే అదే మెథడ్‌ను సబ్‌క్లాస్‌లో మళ్లీ రాశారు. లెక్క జరిగే సమయంలో రాయితీ 0గా ఉంటోంది, ఆబ్జెక్ట్ తయారయ్యాక ప్రింట్ చేస్తే మాత్రం 10 వస్తోంది. ఇది కంపైలర్ లోపం కాదు. ఇదే చిక్కులో నేను ఒకప్పుడు రెండు రోజులు పోగొట్టుకున్నాను కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

నేను అప్పట్లో జీతాల సాఫ్ట్‌వేర్ మీద పనిచేసేవాడిని. ‘రిపోర్ట్’ అనే క్లాస్ కన్‌స్ట్రక్టర్‌లోనే పేజీ మొత్తం సిద్ధమయ్యేది. ‘పేస్లిప్’ దాని సబ్‌క్లాస్, అందులో దశాంశ స్థానాలు 2 అని ఒక ఫీల్డ్ ఉండేది. 18,450.75 రూపాయల నికర జీతం పేస్లిప్‌లో 18,451 అని పడింది. రౌండింగ్ కోడ్‌లో తప్పుందని అంతా అక్కడే వెతికాం. చివరికి డీబగ్గర్‌లో బ్రేక్‌పాయింట్ పెట్టి కాల్ స్టాక్ (ఏ మెథడ్‌ను ఏది పిలిచిందో చూపే జాబితా) చూస్తే, పైన ‘పేస్లిప్’ మెథడ్, దాని కింద ఇంకా పూర్తికాని ‘రిపోర్ట్’ కన్‌స్ట్రక్టర్ కనిపించాయి. దశాంశ స్థానాల ఎదుట 0 ఉంది.

ఆబ్జెక్ట్‌ను తయారుచేయమని ‘న్యూ’ అనగానే జావా మొదట ఆబ్జెక్ట్ మొత్తానికి, అంటే సబ్‌క్లాస్ ఫీల్డ్‌లతో సహా, మెమరీ కేటాయించి అంకెల ఫీల్డ్‌లను 0గా, బూలియన్‌లను ఫాల్స్‌గా, రిఫరెన్స్‌లను నల్‌గా (ఏ ఆబ్జెక్ట్‌నూ సూచించని విలువగా) ఉంచుతుంది. తర్వాత సూపర్‌క్లాస్ కన్‌స్ట్రక్టర్ పూర్తిగా నడుస్తుంది. అది ముగిశాకే సబ్‌క్లాస్ ఫీల్డ్‌ల దగ్గర మనం రాసిన విలువలు, ఇనిషియలైజర్ బ్లాకులు రాసిన వరుసలో అమలవుతాయి. సబ్‌క్లాస్ కన్‌స్ట్రక్టర్‌లోని మిగతా వాక్యాలు ఆ తర్వాత. అయితే ఆబ్జెక్ట్ రకం మాత్రం మొదటి నుంచీ ‘పండుగబిల్లు’యే కాబట్టి, ‘బిల్లు’ కన్‌స్ట్రక్టర్ ‘లెక్కించు’ను పిలిస్తే మీరు ఓవర్‌రైడ్ చేసిన మెథడే నడుస్తుంది, 10 ఇంకా చేరని ఫీల్డ్‌ను చదువుతుంది.

ఇందులో నన్ను బాగా ఇబ్బంది పెట్టింది మరొకటి ఉంది. మా సహోద్యోగి ఆ ఫీల్డ్‌కు ఫైనల్ అని చేర్చగానే తప్పు మాయమైంది. ఫైనల్ ఫీల్డ్‌కు అక్కడే 2 వంటి స్థిరమైన విలువ ఇస్తే, కంపైలర్ దాన్ని వాడిన ప్రతిచోటా నేరుగా 2 అనే రాసేస్తుంది కనుక వరుసతో పని పడదు. సమస్య తీరిందనుకున్నాం. కొన్నాళ్లకు కువైట్‌లో శాఖ ఉన్న ఒక కస్టమర్ వచ్చారు. దినార్‌కు వెయ్యి ఫిల్స్, అంటే మూడు దశాంశ స్థానాలు కావాలి కాబట్టి ఆ సంఖ్యను కన్‌స్ట్రక్టర్ పరామితిగా మార్చాం. ఫీల్డ్ ఫైనల్‌గానే ఉంది, కానీ విలువ ఇప్పుడు ముందే తెలిసిన స్థిరాంకం కాదు కనుక 412.375 దినార్లు 412గా వచ్చాయి.

మీ కోడ్‌లో ఇంకొకటి కూడా చూడండి. ఓవర్‌రైడ్ చేసిన మెథడే ఒక ఫీల్డ్‌కు విలువ పెడుతుంటే, ఆ ఫీల్డ్ ప్రకటనలో ‘ఈక్వల్ టు నల్’ అని రాయడానికీ ఏమీ రాయకపోవడానికీ తేడా ఉంది. రాస్తే, సూపర్‌క్లాస్ కన్‌స్ట్రక్టర్ ముగిశాక ఆ నల్ వచ్చి మెథడ్ పెట్టిన విలువను చెరిపేస్తుంది.

సీ ప్లస్ ప్లస్‌లో బేస్ క్లాస్ కన్‌స్ట్రక్టర్ నుంచి వర్చువల్ మెథడ్‌ను పిలిస్తే బేస్ క్లాస్‌దే నడుస్తుంది. పైథాన్‌లో సూపర్ ఇనిట్‌ను ముందుగా పిలిచి, ఆ తర్వాతే సెల్ఫ్‌కు విలువ పెడితే, ఈలోగా ఓవర్‌రైడ్ చేసిన మెథడ్ దాన్ని చదవబోతే ఆ పేరు లేదంటూ యాట్రిబ్యూట్ ఎర్రర్ వస్తుంది. నా దృష్టిలో అదే మేలు, ఎందుకంటే జావాలో ప్రోగ్రాం ఆగకుండా తప్పు అంకెతో ముందుకు సాగిపోతుంది.

పరిష్కారానికి వస్తే, కన్‌స్ట్రక్టర్ నుంచి ఓవర్‌రైడ్ చేయగల మెథడ్‌ను అసలు పిలవకండి. మేము ‘రిపోర్ట్’ కన్‌స్ట్రక్టర్‌ను విలువలు దాచుకోవడానికే పరిమితం చేసి, ఒక స్టాటిక్ మెథడ్‌లో ఆబ్జెక్ట్‌ను పూర్తిగా నిర్మించి, ఆ తర్వాత పేజీని సిద్ధం చేయించాం. రాయితీ ఒక్కటే అవసరమైతే దాన్ని సూపర్ కాల్‌కు (సూపర్‌క్లాస్ కన్‌స్ట్రక్టర్‌ను పిలిచే వాక్యానికి) ఆర్గ్యుమెంట్‌గా పంపితే చాలు. 2025 సెప్టెంబరులో వచ్చిన జావా 25లో సూపర్ కాల్ కంటే ముందే సబ్‌క్లాస్ ఫీల్డ్‌కు విలువ ఇవ్వడం భాషలో శాశ్వత భాగమైంది, కానీ ఆ ఫీల్డ్ ప్రకటనలో విలువ రాసి ఉండకూడదు. అంటే మీరు ఆ దారి ఎంచుకుంటే ప్రకటనలోని 10ని తీసి కన్‌స్ట్రక్టర్‌లో సూపర్ కాల్‌కు పైవరుసలో రాయాలి.