పాత ఫోర్‌రన్నర్‌ను రోజువారీ బండిగా కొనవచ్చా?

అమెరికాలోని కొలరాడో రాష్ట్రానికి కొత్తగా వచ్చిన మనవారు, ముఖ్యంగా ఒక చలికాలం గడిపి కొండల మీద మనసు పారేసుకున్నవారు, నన్ను తరచుగా అడిగే సందేహం ఒకటి ఉంది. పదిహేను, ఇరవై ఏళ్ళ నాటి టొయోటా ఫోర్‌రన్నర్ లాంటి గట్టి బండిని కొని, రోజూ ఆఫీసుకు కూడా దానిలోనే వెళ్ళివస్తే ఏమవుతుందని వారు అడుగుతారు. నేను 2006 నాటి ఆరు సిలిండర్ల ఫోర్‌రన్నర్‌ను తొమ్మిదేళ్ళుగా అదే పనికి వాడుతున్నాను కనుక వద్దని చెప్పే అర్హత నాకు లేదు. అయితే ఇంట్లో అదొక్కటే బండి అయ్యేటట్లయితే, అంటే దేశానికి వచ్చిన మొదటి సంవత్సరంలో, కొనవద్దనే చెబుతాను. మన ఊళ్ళో జీపు మొరాయిస్తే షెడ్డుకు తోసుకుపోయి, సాయంత్రానికి ఏదో ఒకటి సర్దించుకుని ఇంటికి తెచ్చుకోవచ్చు. ఇక్కడ మెకానిక్ దగ్గర సమయం దొరకడానికే వారం పట్టవచ్చు. దొరికినా మా ప్రాంతంలో కూలి గంటకు నూట యాభై డాలర్లకు తగ్గడం లేదు. బస్సు కనిపించని శివారులో నివాసముండి, సెలవు పెట్టడానికే జంకే కొత్త ఉద్యోగంలో ఉన్నవారికి ఆ వారం రోజులే అసలు ఖర్చు. రెండో బండిగానైతే ఈ మాటలన్నీ వెనక్కి తీసుకుంటాను.

ఇంధనం లెక్క ముందే వేసుకోవడం మంచిది. నా బండి గ్యాలనుకు సుమారు 17 మైళ్ళు ఇస్తుంది. ఏడాదికి 12,000 మైళ్ళు తిరిగితే దాదాపు 700 గ్యాలన్లు కావాలి; 40 మైళ్ళు ఇచ్చే హైబ్రిడ్‌కు 300 సరిపోతాయి. గ్యాలను మూడున్నర డాలర్లనుకుంటే తేడా ఏడాదికి 1,400 డాలర్లు. దీనికి తోడు, ఎత్తైన ప్రాంతం కావడం వల్ల కొలరాడో బంకుల్లో రెగ్యులర్ అని రాసి ఉండేది 85 ఆక్టేన్ మాత్రమే (ఆక్టేన్ అంటే పెట్రోలు వేళకు ముందే మండిపోకుండా తట్టుకునే శక్తికి కొలత). ఫోర్‌రన్నర్‌కు కనీసం 87 కావాలి కనుక ప్రతిసారీ మధ్యలో ఉన్న, కొంచెం ఖరీదైన మీటను నొక్కాలి. వేరే రాష్ట్రం నుండి వచ్చినవారు అలవాటుగా అన్నిటికంటే చవకదాన్ని నింపి, ఇంజిన్‌లో టకటకమని చప్పుడు వచ్చేదాకా ఈ సంగతి గమనించరు.

ఇక కొనేటప్పుడు చూడవలసింది. మైళ్ళ అంకెను చూసి బెదరవద్దు, మురవవద్దు. నేల మీద పాత దుప్పటి పరిచి, టార్చిలైటు పట్టుకుని బండి కిందికి దూరండి. ఈ తరహా బండ్లలో పైన కనిపించే శరీరం ఒకటి, దాన్ని మోసే నిచ్చెన వంటి ఇనుప ఫ్రేమ్ మరొకటి. తలుపులు, బానెట్ తళతళలాడుతున్నా ఫ్రేమ్ లోపలి నుండి తుప్పు తినేసి ఉండవచ్చు. నేను మొదట కొన్న పాత బండి, మంచు మీద ఉప్పు చల్లే తూర్పు రాష్ట్రంలో పదేళ్ళు తిరిగి వచ్చినది. అమ్మినాయన పెద్దమనిషి తరహా, బండి లోపల సీటు మీద గీత కూడా లేదు, ధరా తక్కువే. నెల తరువాత బ్రేకు పని కోసం పైకెత్తినప్పుడు మెకానిక్ స్క్రూడ్రైవర్‌తో వెనుక చక్రం దగ్గర ఫ్రేమ్‌ను పొడిస్తే అది లోపలికి దిగిపోయింది. దాన్ని చివరకు విడిభాగాల ధరకే వదులుకున్నాను. అందుకే ఇప్పుడు ఎవరడిగినా, వెనుక చక్రాల పైన ఫ్రేమ్ వంపు తిరిగే చోటును, స్ప్రింగులు కూర్చునే గిన్నెలను, బ్రేకు ద్రవం వెళ్ళే సన్నని గొట్టాలను తప్పక చూడమంటాను. కింద కొత్తగా నల్లరంగు పూసి ఉంటే సంతోషించకండి, దాని అడుగున ఏముందో అనుమానించండి. కొలరాడోలో మా రోడ్ల మీద మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణం చల్లుతారు. అదీ ఇనుమును తింటుంది. మంచు కురిసిన వారం తరువాత బండి కింది భాగాన్ని నీళ్ళతో కడిగించడం, చలికాలానికి ముందు అడుగున నూనె తరహా పూత వేయించడం ఇక్కడ తలంటు వంటి తప్పనిసరి కర్మ.

2003 నుండి 2009 దాకా వచ్చిన నాలుగో తరం ఫోర్‌రన్నర్‌లో రెండు ఇంజిన్లు ఉన్నాయి. 4.7 లీటర్ల ఎనిమిది సిలిండర్ల ఇంజిన్‌కు టైమింగ్ బెల్టు, అంటే లోపలి భాగాలను ఒకే లయలో తిప్పే పట్టీ ఉంటుంది. 90,000 మైళ్ళకు ఒకసారి దాన్ని మార్చాలి, అదే చేత్తో నీటిపంపునూ మార్పిస్తారు. 4.0 లీటర్ల ఆరు సిలిండర్లదానికి బెల్టు బదులు గొలుసు ఉంటుంది కనుక ఆ బాధ లేదు. అమ్మేవారు బెల్టు మార్చామంటే రశీదు చూపమనండి. నోటిమాటను నమ్మి ఎక్కువ ధర ఇవ్వవద్దు. ఈ తరంలో తొలి సంవత్సరాల బండ్లకు ఇంకో పేరుమోసిన జబ్బు ఉంది. గేర్‌బాక్సు నూనెను చల్లబరిచే గొట్టం రేడియేటర్ లోపలే ఉండటం వల్ల, అక్కడ చీలిక వస్తే నూనె, కూలెంట్ కలిసిపోయి గులాబి రంగు మజ్జిగలా తయారవుతాయి. దాన్ని ఇక్కడివారు స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్ అంటారు. వినడానికి తియ్యగా ఉన్నా గేర్‌బాక్సు ప్రాణం తీసే సంగతి ఇది. పాత రేడియేటర్ ఇంకా అసలుదే అయితే, చెడిపోయేదాకా ఆగకుండా కొన్న నెలలోనే కొత్తది వేయించండి.

డెన్వర్ చుట్టుపక్కల కొంటున్నట్లయితే, పొగ పరీక్షలో నెగ్గిన పత్రాన్ని అమ్మేవారి దగ్గర నుండే తీసుకోవాలి. ఆ పత్రం లేకుండా డబ్బు చేతులు మారితే తరువాతి తిప్పలన్నీ మీవి. బండి పదేళ్ళు దాటితే చాలా బ్యాంకులు అప్పు ఇవ్వవు, ఇచ్చినా వడ్డీ ఎక్కువ. చేతిలో ఉన్న డబ్బుతో కొనగలిగితేనే కొనండి. బీమాలో మన బండికి కలిగే నష్టానికి కట్టే భాగాన్ని, బండి విలువ తగ్గిపోయింది కనుక, కొందరు వదిలేస్తారు, అది సబబే. కాని ఎదుటివారికి కలిగే నష్టానికి కట్టే భాగాన్ని మాత్రం రాష్ట్రం అడిగే కనీస మొత్తం దగ్గర ఆపవద్దు. రెండు టన్నుల ఇనుము ఒక చిన్న కారును గుద్దితే ఆ కనీస మొత్తం ఆసుపత్రి గుమ్మం దాటేలోపే అయిపోతుంది.

మంచులో ఫోర్ వీల్ డ్రైవ్, అంటే ఇంజిన్ శక్తి నాలుగు చక్రాలకూ అందడం గురించి మనవారికి ఉన్న నమ్మకం ప్రమాదకరం. నాలుగు చక్రాలు లాగితే బండి కదలడం సులువవుతుంది, ఆగడం కాదు, ఆపేవి టైర్లే. సెప్టెంబరు 1 నుండి మే 31 దాకా కొండల్లోకి వెళ్ళే ఐ-70 రహదారి మీద మోరిసన్, డాట్సెరో అనే ఊళ్ళ మధ్య, నాలుగు చక్రాలూ లాగే బండికైనా టైరు గాడి కనీసం అంగుళంలో 3/16 వంతు లోతు ఉండాలని చట్టమే చెబుతోంది. కొండ బొమ్మలో మంచు రేకు ముద్ర ఉన్న టైర్లు వేయించుకోండి. అందానికి పెట్టే భారీ బురద టైర్లు ఐసు మీద జారతాయి, రోడ్డు మీద గోల చేస్తాయి, మైలేజీని తినేస్తాయి.

ఇంటివారి సంగతీ చెప్పాలి. ఈ తరం బండికి బోల్తా పడకుండా సాయపడే స్టెబిలిటీ కంట్రోల్ ఉంది. పక్క కిటికీల మీదికి తెరలా దిగే ఎయిర్‌బ్యాగులు మాత్రం తొలి సంవత్సరాల్లో అన్నిటికీ రాలేదు. పిల్లలున్నవారు పైకప్పు అంచున ఎయిర్‌బ్యాగ్ అన్న అక్షరాల కోసం వెతకాలి. బండి గుర్తింపు సంఖ్య అయిన పదిహేడు అక్షరాల విన్ నంబరును జాతీయ రహదారి భద్రతా సంస్థ వెబ్‌సైటులో కొట్టి, తీరని రీకాల్, అంటే కంపెనీ ఉచితంగా సరిచేయవలసిన లోపం ఏదైనా ఉందేమో చూడాలి. మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు చీర కట్టుకుని ఆ ఎత్తు ఎక్కలేక, పచారీ కొట్టు ముందు నిలబడి, ఇది బండా అటకా అని అడిగింది. మర్నాడే పక్కన మెట్టు బిగించాను.

కొన్న తరువాత అందరూ మరిచిపోయే పని ఒకటి ఉంది. ఆరు సిలిండర్ల బండిని రోజూ రెండు చక్రాలకే శక్తి అందేలా నడుపుతూ, దాన్ని నాలుగు చక్రాలకు మార్చే గుండ్రటి మీటను ఏళ్ళ తరబడి ముట్టుకోకపోతే, లోపల గేరు మార్చే చిన్న మోటారు బిగుసుకుపోతుంది. మంచు తుఫానులో మొదటిసారి తిప్పితే దీపం మిణుకుమిణుకుమంటుంది తప్ప చక్రాలు అందుకోవు. నేను నెలకు ఒక ఆదివారం ఉదయం దాన్ని నాలుగు చక్రాలకు మార్చి మూడు, నాలుగు మైళ్ళు తిప్పుతాను. తరువాత కంకర బాటలో బండిని ఆపి, న్యూట్రల్‌లో ఉంచి, నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే లో రేంజికి కూడా మార్చి చూసి, మళ్ళీ రెండు చక్రాలకు తెచ్చి ఇంటికి వస్తాను.