మా నాన్న చెయ్యి ఏ పేజీలో ఉందండీ?

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు రాసిన న్యూయార్క్ మాజీ మేయర్, కోటీశ్వరుడు మైకేల్ బ్లూమ్‌బెర్గ్ జీవితకథ రెండుసార్లు చదివాను. మెరిల్ లించ్ అనే పెట్టుబడుల కంపెనీ ఆఫీసులో కాఫీ కప్పులు పట్టుకుని గదిగదికీ తిరిగి పరిచయాలు చేసుకునే ఘట్టం బాగుంది. పదమూడో పేజీకొచ్చేసరికి కోపమొచ్చింది. "పన్నెండేళ్లు న్యూయార్క్‌ను సమర్థంగా పాలించారు" అని ఒక్క ముక్క రాసి, తిన్నగా విరాళాల్లోకి వెళ్లిపోయావు.

ఆ పన్నెండేళ్లలోనే కదా, పోలీసులు దారినపోయేవాళ్లని ఆపి జేబులు తడిమే 'స్టాప్ అండ్ ఫ్రిస్క్' పెచ్చుమీరింది! ఒక్క 2011లోనే 6,85,000కు పైగా సార్లు ఆపారు. ఎక్కువమంది నల్లజాతి, లాటినో కుర్రాళ్లు. పదింట దాదాపు తొమ్మిదిసార్లు ఏ నేరమూ దొరకలేదు. ఇలా చెయ్యడం రాజ్యాంగ విరుద్ధమని 2013లో ఫెడరల్ జడ్జి తీర్పిస్తే నగరం అప్పీలుకెళ్లింది. 2019 నవంబరులో, అమెరికా అధ్యక్ష పోటీకి దిగే వారం ముందు, బ్రూక్లిన్‌లో ఒక చర్చిలో నిలబడి తప్పు చేశానన్నారాయన. ఇంత జరిగితే నీ కథలో ఆ కుర్రాళ్లలో ఒక్కడూ లేడు.

డబ్బున్నవాడు ఏమిచ్చాడో రాయడానికి ఆయన మనుషులే ఉంటారు. ఆయన వల్ల అవతలివాడికి ఏమైందో రాయాల్సింది మనం. ఈ మాట నాకు ఊరికే రాలేదు.

మా ఊళ్లో రైస్ మిల్లు పెట్టి, సమితి ప్రెసిడెంటై, హైస్కూలు కట్టించిన పెద్దాయన ఉండేవారు. ఆయన షష్టిపూర్తికి జీవితచరిత్ర రాయమన్నారు. నాకప్పుడు ఆరు నెలల ఇంటద్దె బాకీ. మిల్లు బెల్టులో పడి చెయ్యి పోగొట్టుకున్న హమాలీ ఇంటికి మూడు సాయంత్రాలు వెళ్లి, కూర్చుని, అడిగి, నాలుగు పేజీలు రాశాను. "శుభమా అని పండగ చేసుకుంటుంటే ఇదెందుకండీ" అన్నాడు ఆ పెద్దాయన కొడుకు. తీసేశాను. ఆవిష్కరణ రోజున ఆ హమాలీ కూతురు, అదే హైస్కూల్లో పదో తరగతి, పుస్తకం మొదట్నుంచి చివరిదాకా తిరగేసి నా దగ్గరికొచ్చింది. "మా నాన్న చెయ్యి ఏ పేజీలో ఉందండీ?" అంది. ఆ పిల్లకి నేనేం చెప్పలేకపోయాను.

ఆదివారం అనుబంధాలవాళ్లు విజయగాథలే కావాలంటారు. నలభై ఏళ్లుగా నా రాతల్లోంచి ఇలాంటి పేరాలే కత్తిరిస్తూ వచ్చారు, "పాజిటివ్‌గా ఉండాలండీ" అంటూ. వాళ్ల కోసం రాయకు.

ఇంకోటి. 1981లో బ్లూమ్‌బెర్గ్‌ని తను పనిచేసే సాలమన్ బ్రదర్స్ బ్యాంకు నుంచి తీసేస్తే "కట్టుబట్టలతో బయటికొచ్చారు" అని రాశావు. ఆయన చేతిలో కోటి డాలర్లున్నాయి, ఆ అంకె కూడా పెట్టు. జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీకి 2018లో ఇచ్చిన 180 కోట్ల డాలర్లు ఎలాగూ రాస్తావు, పేద పిల్లల చదువుకిచ్చింది, రాయాలి కూడా. కానీ పార్కింగ్ లాట్‌లో పనిచేసి చదువుకున్న కుర్రాడు బ్లూమ్‌బెర్గ్, డిగ్రీ అయ్యాక అదే కాలేజీకి మొదట ఇచ్చింది అయిదు డాలర్లు. దాని మీద ఇంకాసేపు నిలబడు.

ఆ స్టాప్ అండ్ ఫ్రిస్క్ కేసులో పోలీసులు ఆపినవాళ్లే కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పారు. అవి చదువు. ఒక్కణ్ణి ఎంచుకుని, ఆ పూట వాడు ఎక్కడికి వెళ్తున్నాడో, ఎవరు ఆపారో, ఏమడిగారో రాసి పదమూడో పేజీలో పెట్టి పంపు.