బాగా ఉన్నోళ్ల ఇంట్ల తల్లయితే కోడలి విలువ పెరుగుతదా?

చెల్లె, నువ్వు అడిగింది ఇది: పెండ్లయి రెండేండ్లు, హన్మకొండల బాగా ఉన్న కుటుంబం, ఏ ఫంక్షన్‌కు పోయినా అత్తగారు అందరి ముందట "ఇంకెప్పుడు" అంటున్నరు, పిల్లలు పుడితే నిజంగనే ఇంట్ల విలువ పెరుగుతదా అని.

పెరుగుతది. అబద్ధం చెప్పను. నేను గూడ అట్లాంటి ఇంటికే వచ్చిన, మాది పరకాల దిక్కు ఊరు, మా నాన్న సర్కారు బడి టీచరు, అత్తగారోళ్లకు రైస్ మిల్లులున్నయ్. కొత్తల ఎక్కడికి పోయినా "మా చిన్న కోడలు" అని చూపెట్టి వదిలేసేటోళ్లు, కడుపుతోని ఉన్ననని తెలిసినంక కుర్చీ వేసుడు, పక్కన కూసొని మాట కలుపుడు అన్నీ మొదలైనయ్. కానీ అదే టైంల మా యారాలుకు పిల్లలు లేరు, పెండ్లయి చానా ఏండ్లయింది, నా శ్రీమంతం నాడు ఆమెను గాజులు వెయ్యనియ్యలే, కావాలని వంటోళ్ల దగ్గరికి ఏదో పని మీద పంపిన్రు. నేనే పోయి చెయ్యి పట్టుకొని తీస్కొచ్చి ఆమెతోనే మొదటి గాజు వేయించుకున్న. అత్తమ్మ వారం రోజులు సక్కగ మాట్లాడలే. నాకిచ్చిన మర్యాద ఎవరి దగ్గర గుంజుకొచ్చి ఇచ్చిన్రో ఆరోజు నాకు బాగా తెలిసింది, నీకు వచ్చినప్పుడు గూడ పక్కన ఎవరిని లేపి ఆ కుర్చీ నీకు వేస్తున్నరో చూడు.

ఇంక కాన్పు సంగతి. తొలి కాన్పు తల్లిగారింట్ల చేసుడు మన దిక్కు ఆనవాయితీ గదా, మా అమ్మ అన్నీ తయారు చేసుకున్నది. వీళ్లు ఒప్పుకోలే, చుట్టాలొచ్చి చూస్తే ఎట్లుంటది అని హన్మకొండలనే ప్రైవేట్ దవాఖానల పెద్ద రూం బుక్ చేసిన్రు. అదే ఏడు మా చిన్నమ్మ బిడ్డకు సర్కారు దవాఖానల నార్మల్ అయింది, ఆడపిల్ల కాబట్టి అప్పట్ల సర్కారు ఇచ్చే కేసీఆర్ కిట్ తోని 13 వేలు లెక్క ఉండె, మగపిల్లగాడైతే 12 వేలు. ఆమె మూడో దినం లేచి తిరుగుతుంటే నేను కుట్లు పట్టుకొని మంచం దిగుతున్న. ఎందుకంటే నాకు పంతులు ముహూర్తం చూసిండు. డాక్టరమ్మ బిడ్డ మంచిగనే ఉంది, నొప్పుల దాక చూడొచ్చు అని చెప్పింది, మా మామయ్య టైం చెప్పిండు, ఆ టైంకే పెద్దాపరేషన్ అయింది. నన్ను అడిగినోళ్లు లేరు. అవసరం పడితే ఆపరేషన్ ప్రాణం కాపాడుతది, దాన్ని నేను తప్పు పట్టను. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల తెలంగాణల నూటికి 60కి పైన కాన్పులు ఆపరేషన్లే, ప్రైవేట్ దవాఖానల్ల 80 దాటినయ్, అన్నీ అవసరం పడి చేసినయే అంటే నేను నమ్మను. ఇంట్ల విలువ అంటున్నవు గదా, నా కడుపు ఎప్పుడు కొయ్యాల్నో నన్ను అడగని విలువ అది.

బిడ్డ పుట్టినంక ఇంకోటి చూసిన. మా అమ్మ వచ్చి కాళ్లు చాపుకొని పాపను కాళ్ల మీద పండవెట్టుకొని తానం పోస్తుంటే అత్తమ్మ చుట్టాల ముందటనే "ఆ పనులకు మనిషి ఉంది గదా వదినె, మీకెందుకు" అన్నది. మా అమ్మ చెంబు కింద పెట్టేసింది. ఈ ఇండ్లల్ల తల్లి అంటే బిడ్డ పనులు చెయ్యించేది, చేసేది కాదు. ఉచ్చ బట్టలు మార్చుడు, రాత్రి జోకొట్టుడు ఆయమ్మ పని, తొట్టెల ఫంక్షన్ల పట్టుచీర కట్టుకొని ఫొటోకు ఎత్తుకునుడు మన పని. నేను పాలిస్తనంటే గూడ ఎన్ని రోజులు అట్ల రూంలనే కూసుంటవ్, డబ్బా పాలు అలవాటు చెయ్యి అన్నరు. ఆరు నెల్లు తల్లిపాలు తప్ప నీళ్లు గూడ వద్దని అంగన్‌వాడీల గోడ మీదనే రాసి ఉంటది, నేను ఇదొక్కటి మాత్రం ఇడిసిపెట్టలే.

మా ఆయమ్మది ములుగు దిక్కు. ఆమె కొడుకు చిన్నోడు, అమ్మమ్మ దగ్గర ఊర్ల ఉంటడు. నా బిడ్డకు జ్వరమొస్తే రాత్రంతా ఎత్తుకొని తిరిగిన మనిషి తన కొడుక్కి జ్వరమొస్తే ఫోన్ల చూసి ఏడ్చింది. మా ఇంట్ల ఆమెను ఎవ్వరూ తల్లి అనుకోరు. తల్లయితే విలువ పెరుగుతదని చెప్పే ఇండ్లే ఇవి, మరి ఆమెకెందుకు పెరగలే? ఈ ప్రశ్న నాకు ఇప్పటికీ మింగుడు పడదు. నేను లెక్చరర్ పని మళ్లీ మొదలుపెట్టినంక (2017 నుంచి చట్టం ప్రకారం 26 వారాల లీవు ఉంది, పూర్తిగ తీసుకో, మొహమాటపడకు) ఆమె జీతం నా జీతంల నుంచే ఇస్తున్న, ఆదివారం సెలవు పెట్టిన, కొడుకు దగ్గరికి పోయొస్తది. మిగతా ఇండ్ల ఆయమ్మలు గూడ అడుగుతరని అత్తమ్మకు కోపం. అడగనియ్.

ఇప్పుడు రెండోది ఎప్పుడు, వారసుడు కావాలె గదా అంటున్నరు. మిల్లులు, ప్లాట్లు ఉన్న ఇండ్లల్ల ఈ మాట గట్టిగ వస్తది. 2005ల చట్టం మారినంక తాతల నాటి ఆస్తిల ఆడపిల్లకు గూడ పుట్టుకతోనే కొడుకుతోని సమానంగ వాటా ఉంది, నా బిడ్డ వారసురాలే అని మా మామయ్యకు మొహం మీదనే చెప్పిన. ఎవరన్న ఆడనో మగనో ముందే చూపెట్టుకుందాం, తెలిసిన డాక్టరున్నడు అంటే అసలు ఒప్పుకోకు, 1994 చట్టం ప్రకారం అది నేరం.

నీకు నిజంగ బిడ్డ కావాల్నంటే కను, నా బిడ్డంటే నాకు పానం. అత్తగారి నోరు మూయించెతందుకు మాత్రం వద్దు, ఒకరు పుట్టినంక రెండోది అంటరు, తర్వాత ఏ స్కూల్ అంటరు. కడుపు రాకముందే మీ ఆయన్ని కూసోబెట్టి మాట్లాడు: కాన్పు ఎక్కడ, ఆపరేషన్ మాట వస్తే డాక్టర్‌తోని నువ్వే మాట్లాడుతవ్, పాలు, జాబ్, అన్నీ. నలుగురి ముందట అత్తగారు మళ్ల అడిగితే "మేమిద్దరం అనుకున్నప్పుడు చెప్తం అత్తమ్మా" అని మీ ఆయన నోటితోనే చెప్పించు, నువ్వు చెప్తే ఎదురు మాట్లాడింది అంటరు.