గ్వాంటనామో వెళ్లేముందు ఈత నేర్చుకో

చి.ల.సౌ. స్వాతికి పెద్దమ్మ దీవించి రాయునది.

అల్లుడికి క్యూబా తీరాన ఉన్న అమెరికా నేవీ స్థావరం (బేస్) గ్వాంటనామో బేలో, అక్కడి ఆసుపత్రిలో పోస్టింగ్ వచ్చిందని చెప్పి మీ అమ్మ ఫోన్‌లో ఒకటే కంగారు. టీవీలో ఎప్పుడూ అక్కడ ఉగ్రవాద అనుమానితులను పెట్టిన జైలే చూపిస్తే ఎవరికైనా కంగారే మరి. జైలు వచ్చింది 2002లో. బేస్ 1903 నుంచీ ఉంది. కుటుంబాలు, ఇళ్లు, చర్చి, మెక్‌డొనాల్డ్స్ అన్నీ ఉన్న చిన్న అమెరికన్ ఊరు అనుకో. జైలు వైపు నీకు పనీ ఉండదు, వెళ్లనివ్వరు కూడా. ఫోన్ కెమెరా మాత్రం ఎటుపడితే అటు తిప్పకు. కంచె, గేట్లు ఫోటోలో పడ్డాయంటే లేనిపోని టెన్షన్.

కంచె దాటి క్యూబాలో అడుగు పెట్టడానికి లేదు. బేస్ మొత్తం 45 చదరపు మైళ్లు, అందులో చాలా భాగం నీళ్లూ చిత్తడి నేలలే. అందుకే ముందే చెబుతున్నా, ఇక్కడే ఏదో ఒక పూల్‌లో చేరి ఈత నేర్చుకుని వెళ్లు. మిగతా ఏది లేకపోయినా అక్కడ ఎవరినైనా అడిగి తెచ్చుకోవచ్చు. ఈత రాకపోతే మాత్రం సెలవు రోజున అందరూ నీళ్లలో ఉంటే నువ్వు ఒడ్డున సంచులకు కాపలా కూర్చోవాలి. ఆ ఉద్యోగం నీకొద్దు.

మన భీమిలిలా ఇసుక పరుచుకున్న తీరం కాదది. కేబుల్ బీచ్ వైపంతా పదునైన రాళ్లు, సందుల్లో నల్లటి ముళ్ల ఉండలు. అవి సముద్రపు జీవులే, కాలు పడితే ముల్లు లోపలే విరుగుతుంది. గట్టి అడుగున్న నీటి చెప్పులు కొనుక్కో. మాస్క్ పెట్టుకుని తల ముంచాక మాత్రం నువ్వే బయటికి రానంటావు. చారల చారలుగా, విసనకర్రల్లాంటి రెక్కలతో లయన్‌ఫిష్ కనిపిస్తుంది. ఎంత ముద్దుగా ఉన్నా చెయ్యి పెట్టకు, ఆ ముళ్లలో విషం ఉంటుంది.

దిగగానే ఒక సంగతి. విమానం ఆగేది బేకి, అంటే అఖాతానికి, ఒక పక్కన, ఇళ్లు ఉండేది ఇంకో పక్కన. మధ్యలో ఫెర్రీ ఎక్కాలి. పిల్లాడికి తాగే నీళ్లు, ఏదైనా తినేది చేతి సంచిలోనే ఉంచు. కొత్త కారు పంపొద్దని అల్లుడికి చెప్పు. ఉప్పుగాలికి తుప్పు పడుతుంది. వెళ్లిపోయేవాళ్లు అమ్మే డొక్కు కారు చాలు, ఎలాగూ చాలా రోడ్ల మీద గంటకు 25 మైళ్లకు మించి నడపకూడదు. అయినా చీకటిపడ్డాక ఇంకా నెమ్మదిగా పోనివ్వండి. ఇగ్వానాలనే పెద్ద బల్లులు, పీతలు, పిల్లి అంత పెద్ద ఎలుకల్లాంటి హూతియాలు రోడ్డుకు అడ్డం పడుతుంటాయి. ఇగ్వానాకు హాని చేస్తే పది వేల డాలర్ల దాకా జరిమానా అంటారు. పిక్నిక్‌లో ప్లేటు దగ్గరికే వచ్చి తల ఎత్తి చూస్తుంది. జాలిపడి ఏమీ పెట్టకు, తరవాత వదలదు.

సరుకులన్నీ ఫ్లోరిడా నుంచి బార్జ్‌లో, అంటే సరుకుల పడవలో, వస్తాయి. అది ఆలస్యమైతే కూరగాయల అరలు ఖాళీ. కొత్తిమీర కనబడితే ఆలోచించకుండా తీసుకో. బియ్యానికి ఇబ్బంది ఉండదు, ఫిలిప్పీన్స్ నుంచి, జమైకా నుంచి వచ్చి పనిచేసేవాళ్లు బోలెడుమంది. జమైకా వాళ్ల జెర్క్ చికెన్ కారం మీ బాబాయికి కూడా కళ్లనీళ్లు తెప్పించింది! నీళ్లు కూడా సముద్రం నుంచి తీసినవే. 1964లో క్యూబా నేత క్యాస్ట్రో బేస్‌కు వచ్చే నీళ్ల గొట్టం కట్టేసినప్పటి నుంచీ ఉప్పునీటిని శుద్ధి చేసుకుంటున్నారు.

అక్కడ వాన తక్కువ, ఎటు చూసినా బ్రహ్మజెముళ్లు. కానీ జూన్ నుంచి నవంబర్ దాకా తుఫానుల కాలం. 2016లో మాథ్యూ తుఫాను వచ్చినప్పుడు కుటుంబాలను విమానాల్లో ఫ్లోరిడాకు తరలించారు. పాస్‌పోర్టులు, పిల్లాడి టీకాల కార్డు, మందులు ఒకే సంచిలో పెట్టి తలుపు దగ్గరే ఉంచు.

సాయంత్రాలు ఏం తోస్తుందోనని బెంగపడకు. ఆరుబయట ఉచితంగా సినిమా వేస్తారు. దోమల మందు రాసుకుని పో.

కరివేపాకు మొక్క తీసుకెళ్లాలని చూడకు, మొక్కల విషయంలో కట్టడి ఎక్కువ. నీడలో ఆరబెట్టిన ఆకు, ఇంగువ, మినప్పప్పు, చింతపండు సామాన్లలో వేసుకో. ప్యాకర్లు ఎప్పుడొస్తారో తెలియగానే ఫోన్ చెయ్యి, ఏది ఎంత పెట్టాలో కూర్చుని లెక్క వేద్దాం.

ఆశీస్సులతో,
పెద్దమ్మ